తువ్వాలు పరిచిన కుర్చీ

నర్సమ్మ పోయిందని పోయిన మంగళవారం పొద్దున మా వదిన ఫోన్ చేసి చెప్పింది. "పాపా, నర్సమ్మ పోయింది" అంది. నాకు డెబ్బై ఏడేళ్లు, వదినకు ఎనభై. ఈ వయసులో చావు కబుర్లు మాకు కొత్త కాదు. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయింది, ఎవరి చేతా చేయించుకోలేదు అని అందరూ అనే మాటలన్నీ నేనూ అన్నాను. వదిన వాటిని పట్టించుకోలేదు. "మట్టి చేసినాక మా ఇంటికి రా పాపా. నీకు చెప్పాల్సింది ఒకటి ఉండాది" అంది.

ఆమె చెప్పింది విన్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను. వినకముందు రాసి ఉంటే ఇంకోలా రాసేదాన్ని. నన్ను నేను కొంచెం మంచిదాన్నిగా చూపించుకునేదాన్ని కూడా.

నర్సమ్మ అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. క్యాంపస్‌లో ఆమె చేత కట్టు కట్టించుకున్న వందల మంది ఆడపిల్లలకు కూడా ఆ పేరు తెలియదు. నర్సమ్మ అంటే చాలు. అరవైల చివర ఆమె యూనివర్సిటీ దవాఖానాలో పనిచేసేది. మేము తార్నాకలో ఒక రైల్వే ఉద్యోగి ఇంట్లో ముందు వాటా అద్దెకు తీసుకున్నాం. వెనక ఉన్న ఒంటి గది ఆమెది. మాది అనంతపురం వైపు. నాన్న పోయాక అమ్మా నేనూ అన్న దగ్గరికి వచ్చేశాం. అన్నకు సర్కారు ఆఫీసులో గుమాస్తా పని. నర్సమ్మది నల్లగొండ దగ్గర పల్లె. క్రైస్తవులు. ఒంటరి మనిషి. అప్పటికి ముప్ఫై అయిదేళ్లుంటాయేమో.

సాయంత్రం ఆరింటికి క్యాంపస్ నుంచి నడిచి వచ్చేది. తెల్ల చీర, చంకలో గొడుగు, భుజాన ఖాకీ గుడ్డ సంచి, దగ్గరికి వస్తే స్పిరిట్ వాసన. తన గదికి మా వరండా పక్కనుంచే పోవాలి. అక్కడ ఒక పది నిమిషాలు ఆగేది. ఎప్పుడూ నిలబడే ఉండేది. వరండాలో రెండు స్తంభాలు, కుడివైపుది ఆమెది. దాన్ని ఒక చేత్తో పట్టుకుని, పాదం మీద పాదం వేసుకుని నిలబడి అమ్మతో మంచీ చెడ్డా మాట్లాడేది. నవ్వు వస్తే స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకునేది. దగ్గొచ్చినా అంతే. ఇవన్నీ నేను రోజూ చూసిన విషయాలు. చూసి ఏమీ అర్థం చేసుకోలేదు.

వరండాలో ఒక పేము కుర్చీ ఉండేది. అందులో కూర్చోమని అమ్మ ఆమెను ఎన్నడూ అనలేదు. మా అమ్మ చెడ్డది కాదు, కానీ మడీ మైలా విషయంలో రాయి. "నర్సమ్మకు మర్యాద తెలుసు. ఎక్కడుండాల్నో అక్కడుంటాది" అని మెచ్చుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు అమ్మ లోపలున్నప్పుడు నేనే కుర్చీ జరిపి "కూర్చో నర్సమ్మా" అన్నాను. "వద్దు బిడ్డా, నిలబడితేనే నాకు సుకం" అంది. అణిగి ఉండటం ఆమె ఒంటికి పట్టేసిందని నేను తీర్మానించుకున్నాను. ఇరవై ఏళ్ల వయసులో నేను తీర్మానాలు చాలా వేగంగా చేసేదాన్ని.

అప్పుడు నేను ఎమ్మెస్సీ మొదటి ఏడు. తరగతి నిండా అబ్బాయిలు, మేం నలుగురం అమ్మాయిలం. అంత పెద్ద భవనంలో ఆడపిల్లలకని ఒకే ఒక్క గది, దాని వెనక ఒకే ఒక్క దొడ్డి, దానికి తాళం, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అడగడానికి సిగ్గు. అందుకని పొద్దున కాఫీ మానేసి, మధ్యాహ్నం గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకుని, సాయంత్రం ఇంటికి చేరేదాకా బిగబట్టుకుని ఉండేవాళ్లం. అది మా ఆరోగ్యానికి సంబంధించిన విషయమని ఎవరికీ తోచలేదు. ఆడపిల్ల చదువంటే అంతే అనుకున్నాం.

నర్సమ్మ గురువారాలు మధ్యాహ్నం ఆ గదికి వచ్చేది. దవాఖానా వాళ్లు ఆమెను పంపింది దెబ్బలకు కట్లు కట్టడం నేర్పమని. కట్లు రెండు వారాల్లో అయిపోయాయి. మూడో వారం తలుపు దగ్గరికి వేసి, తన ఖాకీ సంచిని తిరగేసి, కింది కుట్టు మీద వేలు పెట్టింది.

"దీన్ని చూడుండ్రి. సంచిల బరువంతా దేని మీదున్నది? గీ కుట్టు మీదున్నది. మూతి ఎంత మంచిగుంటే ఏం లాభం, కింద కుట్టు ఊడినంక? మీ ఒంట్ల గూడ గసొంటిదే ఒకటున్నది. కడుపుల ఉన్నయన్నీ అదే మోస్తది. మూత్రం, దొడ్డి, కాన్పు తొవ్వ, మూడూ దాని నడిమికెల్లే పోతయి. దాని గురించి మీకెవరన్న చెప్పిన్రా?"

ఎవరూ చెప్పలేదు. ఇద్దరు ముగ్గురు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నర్సమ్మ ఆగింది. నవ్వు అయిపోయేదాకా ఓపిగ్గా నిలబడి, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టింది. మూత్రం ఆపుకున్నట్టు, గాలి ఆపుకున్నట్టు లోపలికీ పైకీ లాగాలి. ఊపిరి బిగించకూడదు, తొడలు బిగించకూడదు, పొట్ట బిగించకూడదు. లెక్కపెట్టి పట్టుకోవాలి, ఎంతసేపు పట్టుకుంటే మళ్లీ అంతసేపు పూర్తిగా వదిలెయ్యాలి. మూత్రం పోసేటప్పుడు ఆపి ఆపి చెయ్యడం అలవాటు చేసుకోకూడదు. రోజంతా నీళ్లు మానకూడదు, గంటలకొద్దీ ఆపుకోకూడదు, దొడ్డికి కూర్చుని ముక్కకూడదు. దగ్గే ముందు, బరువు ఎత్తే ముందు ఒకసారి లోపలికి లాగి పట్టాలి.

"ఎప్పుడు చెయ్యాలె?" అని ఒకమ్మాయి అడిగింది.

"తార్నాక చౌరస్తల బస్సు కోసం నిలబడ్తరు గద. అప్పుడు చెయ్యుండ్రి. ఎవనికీ తెల్వది. బస్సు ఎట్లాగూ టైముకు రాదు" అంది.

ఈమధ్య పుస్తకాల్లో దాన్ని కటి కండరాలు అంటున్నారు. మాకు మాత్రం అది 'కింది కుట్టు'. ఆ మాట మా మధ్య ఎంత మామూలయిందంటే, ల్యాబులో పక్కపక్కన నిలబడి "కుట్టయిందా?" అని ఒకరినొకరు అడిగేవాళ్లం. మగపిల్లలు మేం రవికల గురించి మాట్లాడుకుంటున్నామని అనుకునేవాళ్లు. ఒక నెల తిరగకముందే ఆ తాళంచెవి కూడా నర్సమ్మే ఎక్కడో సంపాదించి గదిలో మేకుకు తగిలించింది.

ఇప్పుడు మా వదిన సంగతి చెప్పాలి. వదిన అనుమతితోనే చెబుతున్నాను.

పెళ్లితో ఆగిపోయిన బీఏ ఆఖరి సంవత్సరం పరీక్షలు ఇక్కడి నుంచి రాయడానికి ఆమె చాలా తంటాలు పడి అనుమతి తెచ్చుకుంది. బీఏ అయితే బీఈడీ, అదైతే బడిలో పంతులమ్మ ఉద్యోగం. వాళ్ల ఇంట్లో పదో తరగతి దాటిన ఆడది ఆమె ఒక్కతే. అన్న ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఈ ఒక్క ఏడే. రాసినా రాయకపోయినా ఈ ఏప్రిల్‌తో పుస్తకాలు మూసెయ్యాలి. ఈలోగా కాన్పు అయింది. దీపావళి నాటికి కొడుకు. జనవరి వచ్చేసరికి వదిన పరీక్ష ఊసెత్తడం మానేసింది. అడిగితే "పిల్లోడు చిన్నోడు కదా పాపా, ఎట్ల రాస్తా" అనేది.

నేను నమ్మలేదు. రాత్రి పిల్లాడిని పడుకోబెట్టి చరిత్ర పుస్తకం ఒళ్లో పెట్టుకునే మనిషి, ఉన్నట్టుండి దాన్ని ట్రంకు పెట్టెలో అడుగున పెట్టింది. రోజుకు మూడు లంగాలు ఉతికి, చీర కింద దాచి ఆరేసేది. మజ్జిగ కూడా మానేసింది. ఒక మధ్యాహ్నం తుమ్ము వస్తే చేతిలో బియ్యం చేట వదిలేసి కూలబడింది. దగ్గరికి పోతే "రావద్దు పాపా" అని ఏడ్చింది. అప్పుడు చెప్పింది. కాన్పు అయినప్పటి నుంచీ దగ్గితే, లేస్తే, పిల్లాడిని ఎత్తుకుంటే మూత్రం పడిపోతోంది. మూడు గంటలు పరీక్ష హాల్లో మగవాళ్ల మధ్య కూర్చోవాలి. లేచేసరికి చీర తడిసి ఉంటే? "అంతకంటే రాయకుండా ఉండటమే నయం. మీ అన్నకు చెప్పొద్దు. అత్తకు అసలే చెప్పొద్దు. నర్సమ్మకు కూడా నా పేరు చెప్పొద్దు, ఒట్టు" అంది.

నేను ఒట్టు వేశాను. వేసి, అతి తెలివికి పోయాను. ఆ సాయంత్రం నర్సమ్మ గదికి వెళ్లి అది నాకే ఉందని చెప్పాను. బ్యాడ్మింటన్ ఆడేటప్పుడు ఎగిరితే పడిపోతోందని అన్నాను.

నర్సమ్మ నన్ను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. "ఎగిరే పిల్లలకు అయితది బిడ్డా, పెండ్లి గాకున్నా అయితది. షరం పడేటిది ఏం లేదు" అని నెత్తి నిమిరింది. నేను గట్టి పిల్లను, ఒళ్లు బాగున్నదాన్ని. నాకు తగినట్టే గట్టిగా చెప్పింది. నిలబడి చెయ్యమంది, మడమలు లేపి చెయ్యమంది, పదిదాకా లెక్కపెట్టి పట్టమంది, పూటకు ఇన్నిసార్లు అంది. నేను అంతా పొల్లుపోకుండా తెచ్చి వదినకు అప్పజెప్పాను.

వదిన పాపం పరీక్షకు చదివినంత శ్రద్ధగా చేసింది. మా ఇళ్లలో బాలింతకు పొట్ట రాకుండా పాత చీరతో నడుము బిగించి కడతారు. అమ్మ మూడు నెలలు దాటినా ఆ కట్టు విప్పనివ్వలేదు. రోజూ పొద్దున తనే మోకాలు ఆన్చి బిగించేది. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని చెంబుకు కూడా లెక్క పెట్టేది. ఆ కట్టు బిగింపులో, ఊపిరి బిగబట్టి, పళ్లు కరుచుకుని వదిన పదిదాకా లెక్కపెట్టేది. మధ్యలో వీధి కొళాయి నుంచి ఇత్తడి బిందెలు మోసేది. పదిహేను రోజులకు నడుం నొప్పి మొదలైంది. ఒక పొద్దున నా చెయ్యి పట్టుకుని, "పాపా, లోపల్నుంచి ఏదో జారతాండాది. నేను చచ్చిపోతానేమో" అంది.

నేను పరుగెత్తుకుంటూ దవాఖానాకు పోయి నర్సమ్మకు అంతా చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు. చేతిలోని దూది పళ్లెం కింద పెట్టి, నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"నీ ఒళ్లని చెప్తే నీ ఒంటికి చెప్పిన. అది తీస్కపొయ్యి నాలుగు నెలల బాలింతతోని చేపించినవా? మందు నీకిచ్చి రోగం ఆమెకు తగ్గమంటే తగ్గుతదా బిడ్డా?"

నేను ఏడ్చాను. ఆమె గొడుగు తీసుకుని బయల్దేరింది. దారిలో ఒక్క మాటే అంది. "ఇగ ఎవరొచ్చినా నేను ముందు అదే అడుగుతా. ఎవరి ఒంటి గురించి అని."

నిజంగానే అప్పటి నుంచి అడిగేది. నా స్నేహితురాలికి, మా చెల్లికి, మా పక్కింటామెకు అని ఎవరొచ్చినా, "మంచిది. ఎవరి ఒంటి గురించి? మల్ల చెప్పు" అనేది. చాలామంది రెండోసారి నిజం చెప్పేవాళ్లు. ఆ ప్రశ్న నా వల్ల పుట్టింది. ఎవరికీ ఆ మాట చెప్పుకోలేదు.

పిల్లాడి దగ్గు చూస్తానని అమ్మతో చెప్పి ఇంట్లోకి వచ్చింది. వదినను లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. చూసి, ముందు ఆ నడికట్టు విప్పి అవతల పడేసింది. భయపడాల్సినంత కాలేదనీ, ఆసుపత్రిలో లేడీ డాక్టరుకు ఒకసారి చూపించాలనీ, చూపించడానికి తనే తోడు వస్తాననీ చెప్పింది. అమ్మతో మాత్రం తెలివిగా మాట్లాడింది. "పెద్దమ్మా, పిలగానికి పాలు సాల్తలేవు. ఆమెను నీళ్లు మంచిగ తాగనియ్యాలె. నడుముకు గాలి తగలాలె. బిందెలు మోస్తే పాలు ఇంకిపోతయి" అంది. మనవడి పాలనేసరికి అమ్మ సరేనంది. నర్సమ్మ నా వైపు తిరిగి, "ఇయ్యాల్టి సంది బిందెలు నువ్వు మొయ్యి" అంది. అది నా అబద్ధానికి శిక్ష అని నాకు అర్థమైంది. ఆ ఎండాకాలం అయిపోయేదాకా మోశాను.

లేడీ డాక్టరు కూడా నర్సమ్మ చెప్పిందే చెప్పింది. వదిన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి నిలబడి కాదు. పడుకుని, మోకాళ్లు మడిచి, రెండు అంకెలదాకానే. నర్సమ్మ రోజూ సాయంత్రం పిల్లాడి వంకతో లోపలికి వచ్చి పక్కన నిలబడేది. "లాగు. ఊపిరి తీస్కో. ఇప్పుడు వదులు. మొత్తం వదులు. వదులుడు గూడ పనే బిడ్డా" అనేది. మూడు వారాలు ఏ తేడా కనిపించలేదు. వదిన విసిగిపోయి చెయ్యనంది. "నాట్లేసిన నాడే కోతకొస్తదా? నువ్వు పుస్తకం బయటికి తియ్యి" అంది నర్సమ్మ. అయిదో వారం లంగాలు మూడు రెండయ్యాయి. ఎనిమిదో వారానికి, దగ్గు వచ్చినప్పుడు వదిన ముందుగా లోపలికి లాగి పట్టి దగ్గడం నేను చూశాను. దగ్గి, నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

మొదటి పరీక్ష నాడు నర్సమ్మ సెలవు పెట్టింది. పూర్తిగా తగ్గలేదని ముందే చెప్పింది. దాచలేదు. "ఇంకా కొన్ని నెలలు పడ్తది. కానీ మూడు గంటలు కూసుంటవు. నేను బయటే ఉంటా" అంది. ఒక మూటలో మార్చుకునే చీర, లంగా, మడత పెట్టిన పాత గుడ్డలు సర్దింది. వదిన హాల్లోకి పోయాక మేమిద్దరం బయట చెట్టు నీడన ఆగాం. నేను రాతి మెట్టు మీద కూర్చున్నాను. ఆమె మూట గుండెకు ఆన్చుకుని నిలబడింది. గంట గంటకూ నేను "కూర్చో నర్సమ్మా" అంటూనే ఉన్నాను. "నిలబడితేనే నాకు సుకం" అంటూనే ఉంది.

చివరి గంట కొట్టాక గుంపులో వదిన కనిపించింది. నీలం చీర. నేను మొహం చూడకుండా ముందు చీర చూశాను. పొడిగా ఉంది. నర్సమ్మ కూడా అదే చూసింది. వదిన మా దగ్గరికి వచ్చి, "ఆరు ప్రశ్నలు రాసినా నర్సమ్మా, ఇంకొక కాయితం కూడా అడిగి తీసుకున్నా" అని ఆమె భుజం మీద తల పెట్టింది. నర్సమ్మ నవ్వింది. మొదటిసారి ఏ స్తంభమూ పట్టుకోకుండా, పెద్దగా నవ్వింది. తర్వాత ఒక నిమిషం కదలకుండా నిలబడి, మూట విప్పి ఒక గుడ్డనూ ఆ లంగానూ తీసుకుని, "ఇవి నాకియ్యుండ్రి బిడ్డా, పనున్నది" అని లేడీస్ గది వైపు గబగబా పోయింది. దవాఖానాకు పాత గుడ్డలు కావాలేమో అనుకున్నాను. వదిన ఆమె పోయిన వైపే చూస్తూ ఉండిపోయింది.

వదిన పరీక్షలన్నీ రాసింది. పాసయింది. పంతులమ్మ అయింది, హెడ్మాస్టరుగా రిటైరయింది. అదంతా సంతోషమే. నా బాధ వేరే ఉంది.

పరీక్షలు అయిన వారంలోనే వదిన ఒక కొత్త పని మొదలుపెట్టింది. సాయంత్రం ఆరు కాకముందే వరండాలో పేము కుర్చీ వేసి, దాని మీద పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి పరిచేది. నర్సమ్మ వచ్చి అందులో కూర్చునేది. అన్నేళ్లకు మొదటిసారి కూర్చుంది. ఆమె వెళ్లగానే వదిన ఎవరినీ ముట్టనివ్వకుండా ఆ తువ్వాలు తీసుకెళ్లి పెరట్లో తనే ఉతికి ఆరేసేది. రెండు రోజులు గమనించి అమ్మ మెచ్చుకుంది. "మంచి ఉపాయం చేసినావు. ఆమెకు మర్యాదా ఉంటాది, మన కుర్చీకి మైలా ఉండదు" అంది. వదిన తువ్వాలు ఆరేయడానికి పెరట్లోకి పోయింది.

నేను ఊరుకోలేదు. వంటింట్లో వదినను నిలదీశాను. "ఆమె నిన్ను తాకి, నీ మురికి గుడ్డలు చూసి, నిన్ను పరీక్షకు పంపింది. ఆమె కూర్చుంటే నీ కుర్చీ మైలపడుతుందా? అమ్మంటే పాతకాలం మనిషి. నువ్వు బీఏ చదివి ఏం లాభం?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. వదిన మొహం పాలిపోయింది. "నువ్వట్ల అనుకుంటే అట్లే అనుకో పాపా" అంది.

మర్నాడు సాయంత్రం ఆమెకు బుద్ధి చెప్పాలని, వదిన లోపల పిల్లాడికి పాలిస్తుంటే నేను ఆ తువ్వాలు తీసి దాచేశాను. ఉత్త కుర్చీ వేశాను. నర్సమ్మ వచ్చింది. "కూర్చో నర్సమ్మా, తువ్వాలూ గివ్వాలూ ఏమీ లేవు" అన్నాను గొప్పగా. ఆమె కుర్చీ వైపు చూసింది. నా వైపు చూసింది. వెనక్కి జరిగి తన స్తంభం పట్టుకుంది. "నిలబడితేనే నాకు సుకం బిడ్డా" అంది. ఇంతలో వదిన వచ్చి, ఉత్త కుర్చీ చూసి, లోపలికి పరుగెత్తి ఇంకో తువ్వాలు తెచ్చి పరిచింది. నర్సమ్మ కూర్చుంది. మైల తనదేనని ఆమె కూడా ఒప్పేసుకుందని నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి వదిన నా మనసులో నుంచి దిగిపోయింది. మాటలు మానలేదు. పండగలకు వెళ్లేదాన్ని, పెళ్లిళ్లకు వెళ్లేదాన్ని. కానీ లోపల ఒక తలుపు వేసేశాను. తర్వాత ముప్ఫై ఏళ్లు వరంగల్‌లో కాలేజీలో పాఠం చెప్పాను. చదువుకున్న వాళ్లలో కూడా అంటరానితనం ఎలా దాక్కుంటుందో చెప్పడానికి ఈ తువ్వాలు కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పేరు చెప్పలేదు, అదొక్కటే నయం. నర్సమ్మ రిటైరై బౌద్ధనగర్‌లో అక్క కూతురి ఇంటికి మారింది. ఆదివారం ప్రార్థన అయ్యాక తార్నాక వచ్చి వదినతో కాసేపు గడిపి పోయేది. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు చూశాను. ఆమె ఉత్త కుర్చీలోనే కూర్చుని ఉంది. తువ్వాలు లేదు. పోన్లే, ఇన్నాళ్లకు వదిన మారింది అనుకున్నాను. ఆ మాట పైకి అన్నాను కూడా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

మంగళవారం సాయంత్రం నర్సమ్మను మట్టి చేసి వచ్చాక, వదిన నన్ను తార్నాకలోని తన ఇంటి వరండాలో కూర్చోబెట్టి చెప్పింది.

నర్సమ్మకు పదిహేడో ఏట కాన్పు అయింది. మూడు రోజులు నొప్పులు పడితే బిడ్డ చనిపోయి పుట్టింది. పదో రోజున నాట్లకు దించారు. అప్పటి నుంచీ ఆమెకు మూత్రం నిలిచేది కాదు. మొగుడు వదిలేశాడు. ఆ తర్వాతే మిషన్ ఆసుపత్రిలో చేరి నర్సు పని నేర్చుకుంది. మాకు నేర్పిందంతా అక్కడే నేర్చుకుంది. ఆమెకు దానివల్ల కొంత తగ్గింది, మొత్తం తగ్గలేదు. ఆపరేషన్ కావాలన్నారు. నెలలు సెలవు పెడితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని వాయిదా వేస్తూ వచ్చింది. ఎవరి ఇంట్లోనూ కూర్చునేది కాదు. లేచాక కుర్చీ తడిగా ఉంటే ఏమనుకుంటారోనని. ఆమె కూర్చోకపోవడం మైల వల్లేనని మా ఇళ్లలో అనుకుంటారని కూడా ఆమెకు తెలుసు. అనుకోనిచ్చింది. పరీక్ష రోజు నవ్వినప్పుడు ఆమె చీర తడిసింది. వదిన చూసింది. ఆ రాత్రే వెళ్లి అడిగింది.

"నేనే చెప్పినా ఆమెకు, కుర్చీ మీద తువ్వాలు వేస్తాను, కూర్చో అని. అత్త మైల అనుకుంటే నాకేమి, ఆమె కూర్చుంటే చాలు అనుకున్నా" అంది వదిన. "రిటైరైనాక ఆపరేషన్ చేయించుకుంది. నేనే ఆసుపత్రిలో ఉన్నా. ఆ తర్వాత తువ్వాలు అక్కర్లేకపోయింది."

"నాకెందుకు చెప్పలేదు వదినా? యాభై ఏళ్లు నన్ను అట్లా అనుకోనిచ్చావు."

"ఆమె ఒళ్లు కదా పాపా. నేనెట్ల చెప్తా?"

మళ్లీ తనే అంది. "పోయిన నెల్లో ఆమే అనింది. నేను పోయినంక పాపకు చెప్పు, ఆమె రాస్తది గద, రాయమను, పిల్లలకు పనికొస్తది అని. ఎవరి ఒంటి గురించి అని అడిగితే, నర్సమ్మ ఒంటి గురించి అని రాయమనింది."

అందుకే రాస్తున్నాను. ఇది చదివే ఆడపిల్లల్లో బస్సుల్లో, ఆఫీసుల్లో, కాలేజీల్లో బిగబట్టుకుని కూర్చునే వాళ్లుంటారు. ఎగిరితే, దగ్గితే, నవ్వితే ఏదో అవుతోందని, అది ఆడ బతుకులో మామూలేనని ఊరుకునే వాళ్లుంటారు. అది మామూలు కాదు, సిగ్గు పడాల్సిందీ కాదు. వెళ్లి చూపించుకోండి. స్నేహితురాలి కోసమని చెప్పకండి. పదిహేడేళ్లప్పుడు ఒక్కరు చెప్పి ఉంటే నర్సమ్మ ఎన్ని ఇళ్లలో కూర్చుని ఉండేదో నేను ఆలోచించలేకపోతున్నాను.

వదిన లోపలికి వెళ్లి బీరువాలోంచి ఒక తువ్వాలు తెచ్చింది. అదే. అంచులు పీచులు తేలి, వెలిసిపోయి ఉంది. ఆమె దాన్ని నా చేతికిచ్చింది. కాళ్ల మీద పడదామనుకున్నాను, మోకాళ్లు వంగవు. ఆమె చెయ్యి మాత్రం పట్టుకున్నాను. తర్వాత లేచి, నా చేతులతో ఆ తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, ఖాళీ పేము కుర్చీ మీద పరిచాను. మడత సరిగా రాకపోతే వదిన వంగి ఒక మూల సర్దింది. ఆరయింది. గేటు వైపు చూస్తూ ఇద్దరం పక్కన నిలబడ్డాం.